పోడు నేలలో కర్బనం – బ్యూరెట్‌లో తెలియని గాఢత
ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దు నేలల పరీక్షలో అంశమాపనం

ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వరకు సాగే మార్గంలో నేలల స్వభావం క్రమంగా మారుతుంది. ఖమ్మం, వైరా, మధిర ప్రాంతాలలో నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి, నల్లరేగడి నేలల్లో పత్తి, మిరప ప్రధాన పైర్లు. తూర్పుకు పోయేకొద్దీ ఎర్ర చల్కా నేలలు, గరుపు నేలలు, వాటి మధ్య అడవి కనిపిస్తాయి. గోదావరి ఒడ్డున ఒండ్రు నేలలు ఉన్నాయి. గుండాల, ములకలపల్లి, దుమ్ముగూడెం, చర్ల మండలాలలో పొలం గట్టుకు ఆవల అడవి మొదలయ్యే కమతాలు అనేకం. 2016 అక్టోబరులో ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో సాగుభూమిని, అటవీభూమిని విడివిడిగా అధ్యయనం చేయడం సాధ్యం కాదు. సాగుభూమిలో గణనీయమైన భాగం నిన్నటి అడవే.

ఈ ప్రాంతపు కోయలు, కొండరెడ్లు తరతరాలుగా పోడు వ్యవసాయం చేశారు. చెట్టు కొట్టి, ఎండిన తరువాత కాల్చి, ఆ బూడిదలో జొన్న, చిరుధాన్యాలు, కంది విత్తేవారు. కొన్ని పంటల తరువాత దిగుబడి తగ్గినప్పుడు ఆ చెలకను వదిలి మరొక చోటికి వెళ్ళేవారు. వదిలిన చోట పొదలు, చెట్లు తిరిగి పెరిగి నేలకు సేంద్రియ పదార్థాన్ని సమకూర్చేవి. నేడు పరిస్థితి వేరు. 2006 నాటి అటవీ హక్కుల గుర్తింపు చట్టం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికి హక్కును కల్పించింది. రైతుకు ఇది న్యాయమైన, అవసరమైన భద్రత. అయితే వ్యవసాయ శాస్త్రం దృష్టిలో దీనికి ఒక పర్యవసానం ఉంది. పోడు భూమి స్థిరమైన పొలంగా మారింది. దానికి ఇక బీడు విరామం లేదు. ఏటా పత్తి, మొక్కజొన్న లేదా వరి పండే ఆ నేలలో అడవి దాచి ఉంచిన కర్బనం ప్రతి దుక్కితోనూ తరుగుతుంది. తరుగుదల ఎంతో తెలియాలంటే కొలవాలి. ఆ కొలతకు మన భూసార పరీక్షా కేంద్రాలలో విస్తృతంగా వాడే సాధనం అంశమాపనం, అనగా టైట్రేషన్.

ఇంటర్మీడియట్ స్థాయిలోనే నేర్చుకున్న ప్రయోగం కావడం వలన విద్యార్థులు దీనిని తేలికగా తీసుకుంటారు. విస్తరణ శాస్త్రవేత్తలు ఫలితాన్ని మాత్రమే చూస్తారు. ఫలితం వెనుక ఉన్న ద్రావణాలలో ఏది తెలిసినది, ఏది తెలియనిది అన్న ప్రశ్నను ఇద్దరూ అరుదుగా వేస్తారు. ఆ ప్రశ్నకు సరైన సమాధానం లేకపోతే రైతు చేతికి వెళ్ళే కార్డులోని అంకెకు విలువ లేదని నిరూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తెలిసినదానితో తెలియనిదానిని కొలవడం

గాఢత కచ్చితంగా తెలిసిన ద్రావణాన్ని, గాఢత తెలియని ద్రావణంతో చర్య పూర్తయ్యే వరకు కొద్దికొద్దిగా కలిపి, ఖర్చయిన ఘనపరిమాణం ఆధారంగా తెలియని గాఢతను లెక్కించడమే అంశమాపనం. రెండు పదార్థాలు తుల్యాంక నిష్పత్తిలో చర్య జరుపుతాయి కావున ఒక ద్రావణపు నార్మాలిటీని దాని ఘనపరిమాణంతో గుణించగా వచ్చిన విలువ, రెండవ ద్రావణపు నార్మాలిటీని దాని ఘనపరిమాణంతో గుణించగా వచ్చిన విలువకు సమానం. ఈ నాలుగింటిలో మూడు తెలిస్తే నాలుగవది తెలుస్తుంది. చర్య పూర్తయిన క్షణం తుల్యతా బిందువు. సూచిక రంగు మారి మనకు కనిపించే క్షణం అంత్యబిందువు. ఈ రెండింటినీ వీలైనంత దగ్గరకు తీసుకురావడమే విశ్లేషకుని నైపుణ్యం.

ఈ పద్ధతి విశ్వవిద్యాలయంలో కాక పరిశ్రమలో పుట్టింది. 18వ శతాబ్ది చివరలో ఫ్రాన్సులోని వస్త్ర పరిశ్రమలో బట్టను తెల్లబరచే క్లోరిన్ ద్రావణపు బలాన్ని దెక్రోయిజీ అనే రసాయనజ్ఞుడు నీలిమందు ద్రావణం సహాయంతో కొలిచాడు. ద్రావణం బలహీనమైతే బట్ట తెల్లబడదు, బలం ఎక్కువైతే బట్ట చివికిపోతుంది. తరువాత గే లుసాక్ ఈ విధానాన్ని మెరుగుపరచాడు. జర్మనీకి చెందిన కార్ల్ ఫ్రెడరిక్ మోర్ 1855లో అంశమాపన పద్ధతులపై సమగ్ర గ్రంథాన్ని వెలువరించాడు. నేడు మనం కర్బన పరీక్షలో వాడే ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్‌కు మోర్ లవణం అన్న పేరు ఆయన వలననే వచ్చింది.

తెలిసిన ద్రావణం నిజంగా తెలిసినదేనా అన్నదే అంశమాపనానికి పునాది. తూచి, కరిగించి, నిర్ణీత ఘనపరిమాణానికి చేర్చినంత మాత్రాన గాఢత కచ్చితంగా నిలిచే పదార్థాలను ప్రాథమిక ప్రమాణాలు అంటాము. అవి శుద్ధంగా లభించాలి, గాలిలోని తేమను పీల్చకూడదు, నిల్వలో మారకూడదు. పొటాషియం డైక్రోమేట్ అటువంటిది. 105 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆరబెట్టిన డైక్రోమేట్ 49.04 గ్రాములను లీటరు ద్రావణంగా చేస్తే అది 1 నార్మల్ ద్రావణం. గట్టిగా మూత బిగించి ఉంచితే దాని గాఢత చాలాకాలం మారదు. మోర్ లవణం విషయం వేరు. 196.1 గ్రాములను లీటరుకు కరిగిస్తే తయారైన రోజున అది సుమారు 0.5 నార్మల్. అయితే అందులోని ఫెర్రస్ ఇనుము గాలిలోని ఆక్సిజన్‌తో నెమ్మదిగా ఫెర్రిక్ ఇనుముగా మారుతుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లం కలపడం వలన ఆ మార్పు మందగిస్తుందే గాని ఆగిపోదు. ఎండాకాలపు వేడిలో, సగం ఖాళీ అయిన సీసాలో ఆ మార్పు మరింత వేగంగా జరుగుతుంది. కావున సీసాపై 0.5 నార్మల్ అని రాసి ఉన్నప్పటికీ ఆ ద్రావణపు గాఢత ఏ రోజుకు ఆ రోజు తెలియనిదే.

సేంద్రియ కర్బన పరీక్ష: సూత్రం, విధానం

వాక్లీ, బ్లాక్ 1934లో ప్రచురించిన పద్ధతి మన దేశపు భూసార పరీక్షా కేంద్రాలలో విస్తృతంగా అమలులో ఉంది. నీడలో ఆరబెట్టి, 0.2 మిల్లీమీటర్ల జల్లెడలో పట్టిన 1 గ్రాము మట్టిని 500 మిల్లీలీటర్ల కోనికల్ ఫ్లాస్క్‌లో తీసుకోవాలి. దానికి 1 నార్మల్ డైక్రోమేట్ ద్రావణాన్ని పిపెట్‌తో సరిగ్గా 10 మిల్లీలీటర్లు కలపాలి. తరువాత 20 మిల్లీలీటర్ల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని వేగంగా పోసి, కలియదిప్పి, 30 నిమిషాలు కదపకుండా ఉంచాలి. ఆమ్లం కలిసినప్పుడు పుట్టే వేడి వలన మట్టిలోని సేంద్రియ కర్బనాన్ని డైక్రోమేట్ ఆక్సీకరిస్తుంది. అనంతరం సుమారు 200 మిల్లీలీటర్ల స్వేదనజలం, 10 మిల్లీలీటర్ల ఆర్థోఫాస్ఫారిక్ ఆమ్లం, 1 మిల్లీలీటరు డైఫినైల్ అమీన్ సూచిక కలిపి, మిగిలిన డైక్రోమేట్‌ను మోర్ లవణంతో అంశమాపనం చేయాలి. ముదురు ఊదా–నీలం రంగు ఒక్క చుక్కతో ఆకుపచ్చగా మారినప్పుడు బ్యూరెట్ రీడింగును నమోదు చేయాలి.

ఇక్కడ కర్బనాన్ని నేరుగా కొలవడం లేదన్నది విద్యార్థులు గుర్తించాలి. తెలిసిన మొత్తంలో డైక్రోమేట్ ఇచ్చి, కర్బనం వాడుకోగా మిగిలినదాన్ని కొలిచి, తేడాను కర్బనానికి జమ కడుతున్నాము. దీనిని తిరుగు అంశమాపనం అంటారు. సంతకు ఇచ్చి పంపిన డబ్బులో మిగిలినది లెక్కపెట్టి ఖర్చెంతయిందో చెప్పడం వంటిదే ఇది. ఇచ్చినది ఎంతో నికరంగా తెలియకపోతే ఖర్చు లెక్క కుదరదు. అందుకే డైక్రోమేట్‌ను పిపెట్‌తోనే కొలవాలి. ఆమ్లానికి, నీటికి కొలజాడీ సరిపోతుంది. ఏ ఘనపరిమాణం లెక్కలోకి వస్తుందో, ఏది రాదో తెలిసిన విద్యార్థి ఎక్కడ శ్రద్ధ పెట్టాలో తానే గ్రహిస్తాడు.

ఖాళీ పరీక్ష ఎందుకు?

మట్టి లేకుండా, మిగిలిన ద్రావణాలన్నింటితో ఇదే ప్రయోగాన్ని చేయడం ఖాళీ పరీక్ష, అనగా బ్లాంక్. మోర్ లవణపు తెలియని గాఢతను తెలిసిన డైక్రోమేట్‌తో ఆ రోజుకు నిర్ధారించేది ఇదే. 10 మిల్లీలీటర్ల 1 నార్మల్ డైక్రోమేట్‌లో 10 మిల్లీ తుల్యాంకాలు ఉంటాయి. మోర్ లవణం సరిగ్గా 0.5 నార్మల్ అయితే ఖాళీ పరీక్షలో 20.0 మిల్లీలీటర్లు ఖర్చవుతుంది. ద్రావణం బలహీనపడిన కొద్దీ ఈ సంఖ్య పెరుగుతుంది.

ఒక మిల్లీ తుల్యాంకం డైక్రోమేట్ 3 మిల్లీగ్రాముల కర్బనానికి సమానం. 10 మిల్లీ తుల్యాంకాలు 30 మిల్లీగ్రాములకు, అనగా 1 గ్రాము మట్టిలో 3 శాతానికి సమానం. కావున 1 గ్రాము మట్టి తీసుకున్నప్పుడు సూత్రం ఈ సరళ రూపం పొందుతుంది:

సేంద్రియ కర్బన శాతం = 3 × (1 − నమూనా రీడింగు ÷ ఖాళీ పరీక్ష రీడింగు)

ఈ సూత్రంలో మోర్ లవణపు నార్మాలిటీ ఎక్కడా లేదు. రెండు రీడింగుల నిష్పత్తిలో అది రద్దయిపోయింది. ఖాళీ పరీక్షను అదే రోజు, అదే సీసాలోని ద్రావణంతో చేసినంత కాలం ద్రావణం 0.50 నార్మల్ అయినా 0.46 నార్మల్ అయినా ఫలితం మారదు.

ఖాళీ పరీక్షను విస్మరిస్తే ఏమవుతుందో ఒక లెక్కతో పరిశీలిద్దాం. ఈ పద్ధతిలో 0.60 శాతం సేంద్రియ కర్బనం చూపవలసిన ఎర్రనేల నమూనా ఒకటి ఉన్నదనుకుందాం. 1 గ్రాములోని 6 మిల్లీగ్రాముల కర్బనం 2 మిల్లీ తుల్యాంకాల డైక్రోమేట్‌ను వాడుకుంటుంది. 8 మిల్లీ తుల్యాంకాలు మిగులుతాయి. మోర్ లవణం నిల్వలో 0.46 నార్మల్‌కు పడిపోయి ఉంటే నమూనా రీడింగు 17.39 మిల్లీలీటర్లు వస్తుంది. అదే రోజు ఖాళీ పరీక్ష చేసి ఉంటే 21.74 మిల్లీలీటర్లు వచ్చేది. సూత్రం ప్రకారం ఫలితం 0.60 శాతం. ఖాళీ పరీక్ష చేయకుండా, సీసాపై ఉన్న 0.5 నార్మల్‌ను, పాత రిజిస్టరులోని 20.0 మిల్లీలీటర్లను వాడితే ఫలితం 0.39 శాతం అవుతుంది.

మన వర్గీకరణలో సేంద్రియ కర్బనం 0.50 శాతం కంటే తక్కువైతే ‘తక్కువ’, 0.50 నుండి 0.75 వరకు ‘మధ్యస్థం’, ఆపైన ‘ఎక్కువ’. మధ్యస్థంగా ఉన్న నేల ఈ విధంగా కాగితంపై తక్కువ తరగతికి దిగజారింది. నేలలో ఏ మార్పూ రాలేదు. మారినది సీసాలోని ద్రావణం మాత్రమే. బలహీనపడిన మోర్ లవణం ఎప్పుడూ కర్బనాన్ని తగ్గించే చూపుతుంది కావున ఈ దోషం ఒకే దిశలో పనిచేస్తుంది. నమూనాల సంఖ్య పెంచి సగటు తీసినంత మాత్రాన ఇది తొలగిపోదు.

ఒక ఫ్లాస్క్ – ఇరవై అయిదు ఎకరాలు

సేంద్రియ కర్బనం అంకె నత్రజని సిఫారసుకు ఆధారం. తరగతి తక్కువైతే సాధారణ సిఫారసు కంటే 30 శాతం ఎక్కువ, మధ్యస్థమైతే యథాతథంగా, ఎక్కువైతే 30 శాతం తక్కువ నత్రజని వేయమని చెప్పడం మనం అనుసరిస్తున్న సామాన్య సూత్రం. ఎకరాకు 40 కిలోల నత్రజని అవసరమైన పైరును ఉదాహరణగా తీసుకుంటే, పై లెక్కలోని దోషం వలన సిఫారసు 52 కిలోలకు చేరుతుంది. అదనంగా పడిన 12 కిలోల నత్రజని సుమారు 26 కిలోల యూరియాకు సమానం, అనగా 45 కిలోల బస్తాలో సగానికి పైగా.

2015 ఫిబ్రవరి 19న ప్రారంభమైన నేల ఆరోగ్య కార్డు పథకంలో వర్షాధార ప్రాంతాలలో 10 హెక్టార్ల గ్రిడ్‌కు ఒక నమూనా, సాగునీటి ప్రాంతాలలో 2.5 హెక్టార్ల గ్రిడ్‌కు ఒక నమూనా చొప్పున తీయాలని నిర్ణయించారు. అటవీ సరిహద్దులోని చెలకలు అధికంగా వర్షాధారమే. 10 హెక్టార్లంటే సుమారు 25 ఎకరాలు. చిన్న కమతాలు గల గిరిజన గూడెంలో ఒక గ్రిడ్ పరిధిలోకి పలు కుటుంబాలు వస్తాయి. ఒక ఫ్లాస్క్‌లో జరిగిన దోషం 25 ఎకరాలకు విస్తరిస్తే అది 650 కిలోల అనవసరపు యూరియా, అనగా 14 బస్తాలకు పైమాటే. ఆ ఖర్చు రైతుది. వరిలో అధిక నత్రజని వలన దోమపోటు, అగ్గితెగులు ఉద్ధృతి పెరుగుతాయి, పైరు పడిపోతుంది. పత్తిలో శాకీయ పెరుగుదల మితిమీరి రసం పీల్చే పురుగులు ఆశిస్తాయి. వాలుగా ఉన్న తేలికపాటి ఎర్రనేలలో పైరు తీసుకోని నత్రజని వానతో వాగులోకి, అక్కడి నుండి కిన్నెరసానికి, గోదావరికి చేరుతుంది.

దోషం రెండవ దిశలోనూ సంభవించవచ్చు. లభ్య నత్రజనిని నేరుగా అంచనా వేయడానికి సుబ్బయ్య, అసిజా 1956లో ప్రకటించిన క్షార పర్మాంగనేట్ పద్ధతిని వాడుతున్నాము. వెలువడిన అమ్మోనియాను బోరిక్ ఆమ్లంలో పట్టి, 0.02 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో అంశమాపనం చేస్తాము. 20 గ్రాముల మట్టికి ప్రతి మిల్లీలీటరు ఆమ్లం హెక్టారుకు 31.36 కిలోల నత్రజనికి సమానం. ఖాళీ పరీక్ష రీడింగు తీసివేయగా 9.0 మిల్లీలీటర్లు వస్తే 282 కిలోలు, అనగా 280 కిలోల హద్దు దాటి మధ్యస్థం. అయితే సల్ఫ్యూరిక్ ఆమ్లం ప్రాథమిక ప్రమాణం కాదు. పలుచన చేసిన ఆమ్లం వాస్తవంగా 0.018 నార్మల్ మాత్రమే అయితే అసలు విలువ 254 కిలోలు, అనగా తక్కువ. ఇక్కడ బలహీనమైన ద్రావణం నత్రజనిని ఎక్కువ చేసి చూపి, పైరుకు దక్కవలసిన ఎరువును తగ్గిస్తుంది. పైగా ఈ పరీక్షలో ఖాళీ పరీక్ష ఆమ్లపు గాఢతను సరిచేయదు. శుద్ధమైన, ఆరబెట్టిన సోడియం కార్బొనేట్ ప్రమాణ ద్రావణంతో ఆమ్లాన్ని విడిగా ప్రమాణీకరించాలి. ఏ పరీక్షలో గాఢత దానంతట అదే రద్దవుతుందో, ఏ పరీక్షలో విడిగా నిర్ధారించాలో విద్యార్థులు సూత్రాన్ని బట్టి గుర్తించడం నేర్చుకోవాలి.

అటవీ సరిహద్దు నేలలలో ప్రత్యేక జాగ్రత్తలు

ప్రయోగశాలలో సర్వం సక్రమంగా జరిగినా, అటవీ సరిహద్దు నేలలు కొన్ని ప్రత్యేక సమస్యలను ముందుంచుతాయి.

మొదటిది బొగ్గు. పోడు కాల్చిన చోట మట్టిలో బొగ్గు నలుసులు ఏళ్ళ తరబడి నిలుస్తాయి. బొగ్గులోని కర్బనంలో అధిక భాగాన్ని డైక్రోమేట్ ఈ పరిస్థితులలో ఆక్సీకరించలేదు, కొంత భాగం మాత్రమే లెక్కలోకి వస్తుంది. ఆ కొంత కూడా నత్రజనిని అందించే కర్బనం కాదు. పొడి దహన పద్ధతిలో పనిచేసే యంత్రాలు బొగ్గుతో సహా మొత్తం కర్బనాన్ని చూపుతాయి. కావున అడవి నేలను ఒక పద్ధతిలో, పోడు నేలను వేరొక పద్ధతిలో కొలిచి పోల్చడం అశాస్త్రీయం. కొమ్మలు కుప్పవేసి కాల్చిన మచ్చలను, బూడిద పేరుకున్న తావులను, పశువులు కట్టిన చోట్లను, చెట్టు నీడను వదిలి 10 నుండి 15 చోట్ల 15 సెంటీమీటర్ల లోతు వరకు ‘వి’ ఆకారపు గుంటల నుండి మట్టి తీయాలి. కొత్తగా సాగులోకి వచ్చిన చెలకను, చాలా ఏళ్ళుగా దున్నుతున్న చెలకను ఒకే నమూనాగా కలపరాదు.

రెండవది అధిక కర్బనం. అడవి నేల పైపొరను 1 గ్రాము తీసుకుంటే డైక్రోమేట్ దాదాపు మొత్తం ఖర్చై, ఆమ్లం పోసిన వెంటనే ద్రావణం ఆకుపచ్చబారవచ్చు. 10 మిల్లీలీటర్లలో 8 మిల్లీలీటర్లకు మించి ఖర్చయితే ఆ ఫలితాన్ని స్వీకరించరాదు. మట్టిని 0.5 గ్రాములకో, 0.25 గ్రాములకో తగ్గించి తిరిగి చేయాలి. 1 గ్రాముకు ఈ హద్దు 2.4 శాతం. అడవికి, పొలానికి మధ్య తేడాను అధ్యయనం చేసే విద్యార్థులు ఈ నియమాన్ని పాటించకపోతే అడవి విలువ తగ్గి, సాగు వలన కలిగిన నష్టం వాస్తవం కంటే చిన్నదిగా కనిపిస్తుంది.

మూడవది గరుపు. చల్కా నేలల్లో రాళ్ళు, గులకలు అధికం. 2 మిల్లీమీటర్ల జల్లెడ దాటని భాగాన్ని పారవేసి, దిగిన మెత్తని మట్టిలోనే కర్బనాన్ని కొలుస్తాము. గులక బరువులో 30 శాతం ఉంటే, కార్డులోని శాతం ఆ పొలంలోని 70 శాతం బరువుకే వర్తిస్తుంది. గులక శాతాన్ని నమోదు చేయకుండా హెక్టారుకు ఎన్ని టన్నుల కర్బనం ఉన్నదో లెక్కించరాదు.

నాలుగవది ఇనుము. నీరు నిలిచిన వరి మడి మట్టిలో ఫెర్రస్ ఇనుము ఉంటుంది. అది కూడా డైక్రోమేట్‌ను వాడుకొని కర్బనంగా లెక్కలో చేరుతుంది. అటువంటి మట్టిని పలుచగా పరచి నీడలో బాగా ఆరబెడితే అధిక భాగం ఫెర్రిక్ రూపానికి మారుతుంది. మట్టిని ఇనుప రోటిలో నూరితే రాలే ఇనుప రజను ఇదే దోషాన్ని కలిగిస్తుంది. చెక్క సుత్తి, పింగాణీ కల్వం వాడాలి. లవణ నేలలలో క్లోరైడ్ కూడా ఇటువంటి దోషాన్నే కలిగిస్తుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లంలో సిల్వర్ సల్ఫేట్ కలిపి దానిని నివారిస్తారు.

ఖాళీ పరీక్ష సరిచేయలేనిది

ఖాళీ పరీక్ష గాఢతను సరిచేస్తుంది, అసంపూర్ణ ఆక్సీకరణాన్ని సరిచేయదు. ఆమ్లం కలిసినప్పుడు పుట్టే వేడి సుమారు 120 డిగ్రీల సెల్సియస్ వరకు చేరుతుంది. మూత సరిగా లేని సీసాలో తేమ పీల్చిన ఆమ్లం అంత వేడిని ఇవ్వదు. ఆమ్లాన్ని నెమ్మదిగా పోసినా, ఫ్లాస్క్‌ను చల్లని రాతి బల్లపై ఉంచినా కర్బనం పూర్తిగా ఖర్చు కాదు. ఖాళీ పరీక్షలో కర్బనమే లేదు కావున ఈ లోపం అందులో కనిపించదు. సాధారణ పరిస్థితులలోనే ఈ పద్ధతి సగటున 77 శాతం సేంద్రియ కర్బనాన్ని మాత్రమే ఆక్సీకరిస్తుందని, మొత్తం కర్బనం కావాలంటే 1.3తో గుణించాలని విద్యార్థులు చదివి ఉంటారు. ఆ గుణకం సగటు మాత్రమే. నేలను బట్టి, బొగ్గును బట్టి, ఆమ్లపు వేడిని బట్టి అది మారుతుంది. నత్రజని సిఫారసుకు వాడే 0.50, 0.75 హద్దులను ఈ గుణకంతో గుణించని విలువలకే అన్వయించాలి.

దీనికి పరిష్కారం తనిఖీ నమూనా. ప్రతి ప్రయోగశాల తన ప్రాంతపు ఎర్ర చల్కా మట్టిని, నల్లరేగడి మట్టిని చెరి కొన్ని కిలోలు సేకరించి, ఆరబెట్టి, జల్లెడ పట్టి, బాగా కలిపి నిల్వ చేసుకోవాలి. పలుమార్లు పరీక్షించి వాటి విలువను స్థిరపరచుకోవాలి. ప్రతి విడతలో రెండు ఖాళీ పరీక్షలతో పాటు ఒక తనిఖీ నమూనాను చేర్చాలి. ఖాళీ పరీక్షల రీడింగులు రెండూ 0.1 మిల్లీలీటరులోపు కలవాలి. తనిఖీ నమూనా విలువ తన హద్దు దాటితే ఆ విడత ఫలితాలను కార్డులలో రాయరాదు. రంగు ఆధారంగా కలరీమీటరుతో కర్బనాన్ని కొలిచే కేంద్రాలకు కూడా ఇది వర్తిస్తుంది. అక్కడ కూడా చర్య జరిపేది ఇదే డైక్రోమేట్, ఇదే ఆమ్లం.

ఎన్ని దశాంశ స్థానాలు రాయాలన్నది మరొక అంశం. బ్యూరెట్ నుండి జారే ఒక చుక్క సుమారు 0.05 మిల్లీలీటర్లు, కర్బనంలో 0.0075 శాతం. నమూనాలో ఒక చుక్క, ఖాళీ పరీక్షలో ఒక చుక్క అటూ ఇటూ అయితేనే ఫలితం 0.015 శాతం మారవచ్చు. అటువంటప్పుడు మూడవ దశాంశ స్థానాన్ని రాయడం అర్థరహితం. 0.49 వచ్చిన పొలం తక్కువ, 0.51 వచ్చిన పొలం మధ్యస్థం అని కార్డు వేరు చేసినా, ఆ రెండు పొలాల మధ్య తేడా ఉన్నదని అంశమాపనం చెప్పడం లేదు. హద్దుకు ఇరువైపులా 0.03 లోపు ఉన్న నమూనాలను తిరిగి పరీక్షించడం, విస్తరణ శాస్త్రవేత్త పొలాన్ని చూసి నిర్ణయించడం మేలు.

వ్యర్థ ద్రావణం వాగుకు చేరరాదు

తెలియని గాఢతను కనుగొనే ప్రయత్నంలో మనం నీటిని కలుషితం చేయరాదు. డైక్రోమేట్‌లోని ఆరు సంయోజకత గల క్రోమియం క్యాన్సర్ కారకం. దానిని నోటితో పిపెట్ చేయడం పూర్తిగా నిషిద్ధం, రబ్బరు బల్బునే వాడాలి. పరీక్ష తరువాత మిగిలిన ద్రావణాలను తొట్టిలో పారబోయరాదు. వాటిని ఒక ప్లాస్టిక్ డ్రమ్ములో సేకరించి, పాతబడిన మోర్ లవణపు ద్రావణాన్ని అధికంగా కలిపితే మిగిలి ఉన్న క్రోమియం మూడు సంయోజకత రూపానికి క్షయకరణం చెందుతుంది. అనంతరం సున్నం కలిపి ఉదజని సూచికను 8 నుండి 9 మధ్యకు తెస్తే క్రోమియం హైడ్రాక్సైడ్ అడుగుకు పేరుకుంటుంది. సున్నం కలిపేటప్పుడు ఆమ్లపు వేడి ఎక్కువ కావున కొద్దికొద్దిగా కలపాలి. పైతేటను పరీక్షించి వదలవచ్చు. మడ్డిని ఆరబెట్టి ప్రమాదకర వ్యర్థంగా అప్పగించాలి.

విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు సూచనలు

• కార్డులోని సేంద్రియ కర్బనం విలువను సిఫారసుగా మార్చే ముందు, ఆ విడత ఖాళీ పరీక్ష, తనిఖీ నమూనా రీడింగులను ప్రయోగశాల నుండి అడిగి తెలుసుకోవాలి. అడిగేవారు ఉన్నప్పుడే రిజిస్టరులో ఆ గడులు నిండుతాయి.

• ఒకే గ్రామంలోని నమూనాలన్నీ ఒకేసారి తక్కువ తరగతిలోకి దిగితే, నేలను నిందించే ముందు మోర్ లవణం తయారైన తేదీని చూడాలి. సీసాపై నార్మాలిటీతో పాటు తయారీ తేదీ తప్పనిసరిగా ఉండాలి.

• 2014లో భద్రాచలం చుట్టూ ఉన్న పలు గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉంది. సరిహద్దుకు ఇరువైపులా నేలలు ఒకే తీరువి. ఇరు రాష్ట్రాల ప్రయోగశాలలు తనిఖీ నమూనాలను పరస్పరం మార్చుకొని పరీక్షిస్తే ఫలితాలను పోల్చడానికి వీలు కలుగుతుంది.

• పోడు పట్టా పొలాలలో కర్బనాన్ని ఒకసారి కొలిచి వదిలివేయడం కాక, అదే చోట, అదే నెలలో, అదే పద్ధతిలో మూడేళ్ళకొకసారి కొలవాలి. స్వల్పమైన తగ్గుదలను గుర్తించాలంటే పద్ధతి మారకుండా ఉండటం ముఖ్యం.

• కర్బనం తగ్గిన చోట యూరియా పెంచడంతో సరిపెట్టరాదు. కంది, పెసర, అలసంద వంటి పప్పుధాన్యాలతో పంట మార్పిడి, జనుము, జీలుగ వంటి పచ్చిరొట్ట, పత్తి కట్టెను కాల్చకుండా ముక్కలు చేసి నేలలో కలపడం, వాలుకు అడ్డంగా గట్లు వేయడం సిఫారసులో భాగం కావాలి.

బీడు పెట్టే అవకాశం లేని పోడు రైతుకు నేలలో మిగిలిన కర్బనమే నిలవ ధనం. ఆ నిలవ ఎంతో చెప్పే లెక్క మన చేతిలో ఉంది. ఆ లెక్క డైక్రోమేట్‌ను తూచిన త్రాసు మీద, ఆ రోజు చేసిన ఖాళీ పరీక్ష మీద, తనిఖీ నమూనా మీద ఆధారపడి ఉంటుంది. ప్రయోగశాలలో ఖాళీ పరీక్షకు పట్టే సమయం అరగంటకు కొంచెం ఎక్కువ. దానిని వదిలివేస్తే కలిగే నష్టాన్ని రైతు ఒక పంటకాలం పొడవునా భరించవలసి ఉంటుంది.